టేబుల్ మీది పాస్

జూలై 8, బుధవారం, మధ్యాహ్నం 12 గంటల 24 నిమిషాలకు మెరాంటీ బ్యాంకు ఏడో అంతస్తులో కంప్యూటర్ మీది ఒక ఎర్ర హెచ్చరిక మూతపడింది. ఆ హెచ్చరిక హో వెంగ్ కియోంగ్ అనే కొత్త ఖాతాదారు గురించి. దాని మూసివేతకు ఆమోదం ఇచ్చిన ఆఫీసు పాస్ క్వెక్ మీ ఫాంగ్ అనే ఉద్యోగినిది. మర్నాడు హో ఖాతా తెరుచుకుంది. జూలై 17 సాయంత్రం ఆ ఖాతాలోంచి కోటీ తొంభై లక్షల డాలర్లు నలభై నిమిషాల్లో దేశం దాటాయి. ఆ డబ్బు రెండు వందల పద్నాలుగు మంది రిటైరైనవాళ్ళ దగ్గర ఫోన్లో మోసం చేసి లాగింది.

జూలై 21, మంగళవారం, ఉదయం 10:40కి ఇన్‌స్పెక్టర్ జుబైదా బింతె ఖమిస్ బ్యాంకు పద్నాలుగో అంతస్తులోని మీటింగు గదిలో మీ ఫాంగ్ ఎదురుగా కూర్చుంది. జుబైదా ఆర్థిక నేరాల విభాగంలో పదకొండేళ్ళుగా పనిచేస్తోంది. మీ ఫాంగ్‌కు నలభై ఆరేళ్ళు. పద్దెనిమిదేళ్ళుగా ఈ బ్యాంకులోనే ఉంది. శుక్రవారం రాత్రి నుంచి సస్పెన్షన్‌లో ఉంది.

గదిలో మూడో మనిషి ఆగస్టిన్ ఖూ, బ్యాంకు అంతర్గత విచారణ అధిపతి. నాలుగేళ్ళ కిందటి దాకా పోలీసు శాఖలో జుబైదాకు పై అధికారి.

"సాయంత్రం ఐదింటికి మా ఫిర్యాదు మీ డైరెక్టరు బల్ల మీద ఉంటుంది, జూ," అన్నాడు ఖూ. "ఐదున్నరకి అరెస్టు. నిన్ను పంపించింది కాగితాల మీద సంతకం కోసం. విచారణ నేను చేసేశా."

"సంతకానికి ముందు చదివే అలవాటు నాది, సార్. మీరే నేర్పారు."

"తొందరగా చదవమని కూడా నేర్పాను. అది మాత్రం నీకు పట్టుబడలా."

జుబైదా నోటుపుస్తకం తెరిచింది.

"మీ ఫాంగ్ గారూ, మీ పనేమిటో మీ మాటల్లో చెప్పండి."

మీ ఫాంగ్ ఖూ వైపు చూసింది. తర్వాత చెప్పింది. కొత్తగా ఖాతా అడిగిన ప్రతి పేరునూ బ్యాంకు ఒక సమాచార సంస్థ ఇచ్చే జాబితాతో పోల్చి చూస్తుంది. ఆ సంస్థ దగ్గర నేరగాళ్ళు, ఆంక్షలున్నవాళ్ళు, కేసుల్లో ఇరుక్కున్న రాజకీయ నాయకులు, వాళ్ళ బంధువులు, వాళ్ళ కంపెనీలు ఉంటాయి. ఒక్కొక్కరికి ఒక ఫైలు, ఫోటోతో సహా. ఈ పోలికను ఆఫీసులో జల్లెడ అంటారు. జల్లెడలో పేరు తగిలితే హెచ్చరిక వస్తుంది. మొదటి మనిషి ఫైలు చూసి, 'ఇతను వేరే, అతను వేరే' అని కారణం రాసి మూస్తాడు. మామూలు హెచ్చరికల్ని రెండో మనిషి యాభై, అరవై కలిపి ఒకేసారి ఆమోదించవచ్చు. ఎర్రవి మాత్రం ఒక్కొక్కటే చూడాలి. చూసి, పాస్‌ను బల్ల మీది రీడర్‌కి తాకించాలి. ఒకసారి అలా ఆమోదం పడితే ఆ పేరు మంచివాళ్ళ జాబితాలోకి వెళ్తుంది. మళ్ళీ ఎప్పటికీ తగలదు.

"ఎర్రవి రోజుకి ఎన్ని?"

"ముప్ఫై దాకా."

"హో ఫైలు గుర్తుందా?"

"లేదు మేడమ్. కానీ పాస్ నాదే. అంటే నేనే ఆమోదించి ఉంటా."

"ఉంటా అంటే?"

"మెషిన్‌లో ఉందిగా మేడమ్. మెషిన్ అబద్ధం చెప్పదుగా."

ఖూ కుర్చీ వెనక్కి జరిపాడు. "విన్నావుగా. ఒప్పుకుంది. ఇంకేం కావాలి నీకు? పాట పాడాలా?"

"మొదటి మనిషి ఏం కారణం రాశాడు?" జుబైదా ఖూ వైపు తిరగకుండా అడిగింది.

"పుట్టిన సంవత్సరం కలవలేదని," అంది మీ ఫాంగ్, బల్ల మీది కాగితం చూసి. "ఫైల్లో 1971. హో పాస్‌పోర్టులో 1977. మొదట చూసేది కాంట్రాక్టు అబ్బాయిలు, రోజుకి నూట నలభై చూస్తారు. సంవత్సరం కలవకపోతే మూసేస్తారు. అది తప్పు కాదు. ఫోటో చూడటం రెండో మనిషి పని. నా పని."

జుబైదా ఫైలు కాగితం, పాస్‌పోర్టు నకలు పక్కపక్కన పెట్టింది. రెండు ఫోటోల్లోనూ ఎడమ కనుబొమ్మను తెంచుతూ ఒకే మచ్చ ఉంది.

"ఇది మీ కంట పడకుండా పోతుందా?"

మీ ఫాంగ్ చాలాసేపు చూసింది.

"పోదు," అంది. ఆమె గొంతు మారింది. "ఇది నేను చూసి ఉంటే వదలను మేడమ్. సత్యంగా వదలను."

"ఇప్పుడు గొంతు మారుస్తోంది," అన్నాడు ఖూ. "జూ, పన్నెండూ తొమ్మిదికి ఈవిడ పాస్ కింది గేటు దాటి బయటికెళ్ళింది. పన్నెండూ పంతొమ్మిదికి లోపలికొచ్చింది. పన్నెండూ ఇరవై నాలుగుకి ఆమోదం. ఇరవై ఎనిమిదికి మళ్ళీ బయటికి. ఒంటిగంట రెండుకి తిరిగి లోపలికి. అందరూ భోజనాలకి పోయాక అంతస్తు ఖాళీగా ఉంటుందని వెనక్కొచ్చి పని ముగించింది. చిన్నపిల్లకి కూడా అర్థమవుతుంది."

"సార్, మీరు బయట కూర్చోండి."

"ఇది నా బ్యాంకు."

"ఇది నా విచారణ. పోలీసు వాంగ్మూలంలో ఫిర్యాదుదారు కూర్చోకూడదు. అదీ మీరే నేర్పారు."

ఖూ లేచాడు. తలుపు దగ్గర ఆగాడు. "ఐదింటి దాకే నీ ఆటలు," అన్నాడు. తలుపు 11:02కి మూసుకుంది.

"పన్నెండూ ఇరవై నాలుగుకి ఎక్కడున్నారు?" అంది జుబైదా.

"భోజనానికి వెళ్ళా."

"ఎక్కడికి?"

"వెనక వీధి హాకర్ సెంటర్. చేపల సూప్."

"మధ్యలో ఆఫీసుకి వచ్చారా?"

"లేదు."

"మరి మీ పాస్ ఎలా వచ్చింది?"

మీ ఫాంగ్ చేతులు ఒళ్ళోకి వెళ్ళాయి.

"టేబుల్ ఇంకెవరూ తీసుకోకుండా ఆపుకోడానికి పాస్ దాని మీద పెట్టి లైన్లో నిలబడ్డారు. అంతేనా?"

మీ ఫాంగ్ తలుపు వైపు చూసింది.

"మీ ఫాంగ్ గారూ, నేనూ ఈ ఊళ్ళోనే పుట్టా. నా బ్యాగులో టిష్యూ పొట్లాలు మూడున్నాయి, దేనికనుకున్నారు? గొడుగు పెట్టేవాళ్ళున్నారు, ఇంటి తాళాలు పెట్టేవాళ్ళున్నారు. పాస్ పెట్టారా లేదా?"

"పెట్టానంటే ఉద్యోగం పోతుంది మేడమ్."

"పెట్టలేదంటే జైలుకి పోతారు. నేరం రుజువైతే పదేళ్ళ దాకా. ఏది నయం?"

మీ ఫాంగ్ ఏడవలేదు. నెమ్మదిగా లెక్క చెప్పినట్టు చెప్పింది. మే నెలలో బ్యాంకు సర్క్యులర్ పంపింది. హాకర్ సెంటర్లో పాస్ వదిలితే మొదటిసారి హెచ్చరిక, రెండోసారి జీతంలో కోత, మూడోసారి తొలగింపు. ఆ తర్వాత ఆమె రెండుసార్లు దొరికింది. ఇంట్లో తల్లికి వారానికి మూడు రోజులు డయాలిసిస్. సగం ఖర్చు బ్యాంకు బీమా కడుతోంది.

"ఎవరికి దొరికారు?"

"ఖూ సార్‌కి. ఆయనే ఫోటో తీశారు. రెండుసార్లూ."

జుబైదా కలం ఆగింది. ఆ వాక్యం రాసుకుంది. కింద గీత గీసింది.

"సర్క్యులర్ రాసిందెవరు?"

"ఆయనే."

"ఎర్ర హెచ్చరికలు తెరిచి చూసే వీలు ఎవరెవరికి ఉంది?"

"మా జట్టుకి. విచారణ విభాగానికి కూడా. కానీ వాళ్ళు చూడగలరంతే, ఆమోదించలేరు. ఆమోదానికి నా పాస్ గానీ, మా మేనేజరు పాస్ గానీ కావాలి. మేనేజరు ఆ వారం సెలవు."

"ఆ రోజు లైన్లో ఎంతసేపున్నారు?"

"ఇరవై, ఇరవై ఐదు నిమిషాలు. బుధవారం అక్కడ ఎప్పుడూ అంతే."

"ఆ మధ్యలో ఏమైనా కొన్నారా? గుర్తుచేసుకోండి."

మీ ఫాంగ్ ఫోన్ తీసింది. చెల్లింపుల పట్టీలో జూలై 8 దాకా వేలితో జరిపింది. ఒక చోట ఆగింది. ఫోన్‌ను బల్ల మీద జుబైదా వైపు తిప్పి పెట్టింది. బార్లీ నీళ్ళు, డాలరు అరవై సెంట్లు, 31వ నంబరు దుకాణం. సమయం 12:23.

"ఈ ఫోన్లో డబ్బు కట్టాలంటే ఏం చెయ్యాలి?"

"వేలు పెట్టాలి. నా వేలే."

జుబైదా లేచింది.

"నేను వచ్చేదాకా ఈ గది కదలకండి. ఎవరు పిలిచినా సరే."

11:50కి జుబైదా హాకర్ సెంటర్‌కి, చిన్న తిండి దుకాణాలన్నీ ఒకే కప్పు కింద ఉండే ఆ చోటుకి, చేరింది. మెట్ల పక్క టేబుళ్ళన్నీ నిండలేదు గానీ ఖాళీగానూ లేవు. పదహారు టేబుళ్ళు లెక్కపెట్టింది. తొమ్మిదింటి మీద టిష్యూ పొట్లాలు. రెండింటి మీద గొడుగులు. ఒకదాని మీద నీళ్ళ సీసా. నాలుగింటి మీద ఆఫీసు పాస్‌లు, తాళ్ళతో సహా. ఒక పాస్ మీద మెరాంటీ బ్యాంకు గుర్తు ఉంది. దాన్ని చేతిలోకి తీసుకుంది. టేబుళ్ళ మధ్య మెట్ల దాకా నడిచి వెనక్కి వచ్చి పెట్టేసింది. ఎవరూ ఏమీ అనలేదు.

31వ నంబరు దుకాణం చేపల సూప్ లైనుకు ఆనుకునే ఉంది. లైన్లో నిలబడే చెయ్యి చాపి పానీయం తీసుకోవచ్చు. దుకాణం ముసలాయన గ్లాసులు కడుగుతున్నాడు.

"అంకుల్, ఈవిడ తెలుసా?" జుబైదా ఫోన్లో ఫోటో చూపించింది.

"బార్లీ, ఐసు తక్కువ. తెలుసు. నాలుగు రోజుల నుంచి రాలేదు. లోపల కూర్చోబెట్టారా?"

"ఎక్కడ?"

"మీ వాళ్ళు కూర్చోబెట్టే చోటే. అక్కా, నేను ముప్ఫై ఏళ్ళు ఇక్కడ గ్లాసులు కడిగా. బూట్లు చూస్తే పోలీసని తెలుస్తుంది."

"ఆవిడ తన ఫోన్ ఎవరికైనా ఇచ్చి పంపుతుందా?"

"ఆవిడా? పది సెంట్లు ఎక్కువ కట్టానని వెనక్కొచ్చి అడిగే మనిషి. ఫోన్ ఇస్తుందా!"

"ఆవిడ టేబుల్ దగ్గర ఎవరైనా తచ్చాడటం చూశారా?"

"నాకు గ్లాసులే కనపడతాయి అక్కా. మొహాలు కావాలంటే సూప్ ఆంటీని అడుగు. ఆమె పన్నెండున్నరకి మాట్లాడితే తిడుతుంది. ఇప్పుడే వెళ్ళు."

సూప్ ఆంటీ 11:58కే తిట్టింది. మొహాలు చూడటానికి తీరిక ఎక్కడిదంది. ఒక్క మాట మాత్రం చెప్పింది. లైన్లోంచి బయటికి వెళ్ళినవాళ్ళని మళ్ళీ మధ్యలో నిలబడనివ్వదు. అధ్యక్షుడైనా వెనకకే.

12:10కి జుబైదా టేబుల్ దగ్గర నిలబడి గడియారం నొక్కింది. బ్యాంకు గేటుకు మూడు నిమిషాల యాభై సెకన్లు. భోజనాల వేళ లిఫ్టుకు ఒక నిమిషం నలభై ఆగాల్సి వచ్చింది. ఏడో అంతస్తులో రీడర్ దగ్గరికి చేరేసరికి మొత్తం ఆరు నిమిషాల ముప్ఫై ఐదు సెకన్లు. తిరిగి వెళ్ళింది. మళ్ళీ వచ్చింది, ఈసారి పరుగున. ఐదు నిమిషాల పది సెకన్లు. 12:23కి బార్లీ నీళ్ళు కొన్న మనిషి 12:24కి ఏడో అంతస్తులో ఉండటం కుదరదు.

కింది గేటు దగ్గర ఖూ ఎదురుచూస్తున్నాడు. అప్పటికి 12:51.

"పరుగు పందేలు మొదలెట్టావని సెక్యూరిటీ వాళ్ళు ఫోన్ చేశారు."

"పాస్ లోపలికొచ్చింది. మనిషి రాలేదు, సార్."

ఆమె బార్లీ నీళ్ళ సంగతి చెప్పింది.

"ఫోన్ ఇంకెవరి దగ్గరో ఉంది," అన్నాడు.

"వేలు కూడా ఇంకెవరి దగ్గరో ఉందా?"

"వెటకారం వద్దు. నీ ఆఫీసులో నీకన్నా చిన్నవాళ్ళు ముగ్గురు నిన్ను దాటుకుని పైకి పోయారు. ఎందుకో తెలుసా? సంతకం పెట్టమన్నచోట పెట్టి ఇంటికి పోతారు కాబట్టి."

"ఈ గేటు మీద కెమెరా ఉంది. జూలై 8 దృశ్యం కావాలి."

"పది రోజులకి చెరిగిపోతుంది. బ్యాంకు నియమం."

"అంటే పద్దెనిమిదో తేదీన చెరిగింది. డబ్బు పోయింది పదిహేడు సాయంత్రం. ఆ రాత్రే మీరు మీ ఫాంగ్‌ని సస్పెండ్ చేశారు. గేటు సమయాలు కాగితం మీద తీసుకున్నారు. దృశ్యం మాత్రం తీసుకోలేదు. మీ దగ్గర పనిచేసే కొత్త కానిస్టేబుల్ ఇలా చేస్తే మీరు వాణ్ణి ఏం చేసేవారు?"

"ఆ రాత్రి నేను డబ్బు వెంట పడుతున్నా."

"దొరికిందా?"

"నోరు జాగ్రత్త, జుబైదా."

పదకొండేళ్ళలో ఆయన ఆమెను పూర్తి పేరుతో పిలవడం అది మొదటిసారి.

"ఆవిడ పాస్ టేబుల్ మీద వదిలే మనిషని బ్యాంకులో అందరికన్నా ముందు మీకు తెలుసు, ఖూ గారూ," అంది ఆమె. "ఫోటోలు మీ దగ్గరే ఉన్నాయి."

ఖూ చుట్టూ చూశాడు. గేటు దగ్గర గుమాస్తాలు భోజనాల నుంచి తిరిగి వస్తున్నారు. గొంతు తగ్గించాడు.

"అదొక్కటే నీ దగ్గరుంటే దాన్ని పట్టుకుని మీ డైరెక్టరు దగ్గరికి వెళ్ళు. ఆయన నవ్వుతాడు. నేనే ఫోన్ చేసి ముందుగా చెప్పి ఉంచుతా."

పోలీసు ఆఫీసులో డైరెక్టరు నవ్వలేదు. మీ ఫాంగ్‌ని సాక్షిగా పోలీసు రక్షణలోకి తీసుకోవడానికి సంతకం కావాలని జుబైదా అడిగితే, నాలుగున్నరకి మాట్లాడదాం అన్నాడు. అప్పటికి 1:35. 1:45కి ఆమె సమాచార సంస్థకు లిఖిత ఉత్తరువు పంపింది. అందులో ఒకటే ప్రశ్న ఉంది: హో వెంగ్ కియోంగ్ ఫైలును మెరాంటీ బ్యాంకులో ఎవరెవరు, ఎప్పుడెప్పుడు తెరిచారు?

2:10కి మీ ఫాంగ్‌కు ఫోన్ చేసింది. మీ ఫాంగ్ తను గదిలోనే ఉన్నానని, ఎవరో నూడుల్స్ తెచ్చి పెట్టారని, తినలేకపోయానని చెప్పింది. "ఉద్యోగం సంగతి తర్వాత. మీరు ఆ ఆమోదం ఇవ్వలేదు. అది తేలింది," అంది జుబైదా. అవతలి నుంచి మీ ఫాంగ్, "మా అమ్మకి చెప్పొచ్చా మేడమ్?" అని అడిగింది. జుబైదా చెప్పమంది.

3:44కి సమాచార సంస్థలో రికార్డులు చూసే మారిసెల్ అబ్రెనికా ఫోన్ చేసింది.

"ఇన్‌స్పెక్టర్ గారూ, మీ ఉత్తరువు అందింది. కాగితం మీద కూడా పంపుతున్నా. కానీ ముందు నోటితో చెప్పాలనిపించింది."

"చెప్పండి."

"ఆ ఫైలుని మీరడిగిన బ్యాంకు నుంచి ముగ్గురు తెరిచారు. జూలై 7 సాయంత్రం 4:50కి కాంట్రాక్టు ఉద్యోగి. జూలై 17 రాత్రి 9:15కి మేనేజరు. అది డబ్బు పోయాక. ఈ రెండూ బ్యాంకు రికార్డులో కూడా ఉంటాయి."

"మూడోది?"

"మూడోది మీకు బ్యాంకులో కనపడదు. విచారణ విభాగం వెతుకులాటలు వాళ్ళ సిస్టమ్‌లో దాచి ఉంచుతారు, నిఘాలో ఉన్నవాళ్ళకి తెలియకూడదని. కానీ మేం ఫైలుకింత అని బిల్లు వేస్తాం. అందుకని మా దగ్గర మా లెక్క ఉంటుంది. జూన్ 3, సాయంత్రం 6:16."

జుబైదా బల్ల మీది కాగితాలు వెతికింది. హో ఖాతా కోసం బ్యాంకుకు దరఖాస్తు వచ్చింది జూన్ 26న. అంతకు ముందు అతను ఆ బ్యాంకుకు ఎవరో తెలియని మనిషి.

"ఎవరి పేరు మీద?"

"ఆగస్టిన్ ఖూ. చూడటమే కాదు మేడమ్, మొదటి పేజీ ముద్రించుకున్నారు కూడా. పేరు, ఫోటో, పుట్టిన సంవత్సరం ఉండే పేజీ."

"1971."

"అవును. మూడు వారాల తర్వాత ఈ మనిషి 1977 అని ఉన్న పాస్‌పోర్టుతో వచ్చాడు. మీరు అడగలేదు, అయినా చెబుతున్నా. ఏది మార్చాలో తెలిసినవాళ్ళే మార్చగలరు."

3:46కి జుబైదా బ్యాంకు పద్నాలుగో అంతస్తుకి ఫోన్ చేసింది. రిసెప్షన్‌లో ఉన్నామె ఎత్తింది.

"మీటింగు గదిలో మీ ఫాంగ్ గారికి ఇవ్వండి."

"వెళ్ళిపోయారు మేడమ్. ఖూ సార్ తీసుకెళ్ళారు."

"ఎప్పుడు?"

"మూడూ ఐదుకి. మీరే పంపించమన్నారని చెప్పారు."

జుబైదా మీ ఫాంగ్ నంబరు నొక్కింది. ఫోన్ ఆపేసి ఉంది. వాంగ్మూలం మొదటి పేజీలో చెల్లెలి నంబరు ఉంది. చెల్లెలు క్వెక్ మీ యన్ రెండో రింగుకే ఎత్తింది.

"అక్క మెసేజ్ పెట్టింది," అంది. "మూడూ పన్నెండుకి. చదవనా? 'పోలీసామె నా తప్పు లేదని చెప్పింది. ఖూ సార్ కూడా సారీ చెప్పారు. సరిహద్దు అవతల జొహోర్‌లో ఒక సాక్షి ఉన్నాడట, వాణ్ణి నేను గుర్తుపడితే కేసు ఈ రోజే ముగుస్తుందట. ఆయన కార్లో వెళ్తున్నాం. అమ్మకి అన్నం పెట్టు. రాత్రికి వస్తా.' ఏం, ఏమైనా జరిగిందా?"

"ఆవిడ పాస్‌పోర్టు ఇంట్లో ఉందా?"

"లేదు. శుక్రవారం రాత్రే ఖూ సార్ తీసుకున్నారు, పారిపోకుండా ఉండాలని. మేడమ్, ఏం జరిగింది?"

జుబైదా మరో ఫోన్‌తో సరిహద్దు తనిఖీ కేంద్రాలను పిలిచింది. ఖూ కారు నంబరు, ఇద్దరి పేర్లు చెప్పి, ఆపమంది. రెండు కేంద్రాల్లోనూ ఆ హెచ్చరిక నమోదైన సమయం 3:58.

4:06కి ఉడ్‌లాండ్స్ తనిఖీ కేంద్రం నుంచి జవాబు వచ్చింది. ఆ కారు మలేషియా వైపు 3:51కి దాటింది. లోపల ఇద్దరున్నారు. రెండు పాస్‌పోర్టులూ సరిపోయాయి.